డిఫెన్స్, యూనివర్సిటీ, ఇండస్ట్రీ: మన ఓరుగల్లుల ఈ మూడు ఎక్కడ కలుస్తయి?

కోటగుమ్మం
ఈ మధ్య ఏ సభ చూసినా గదే మాట. మంత్రులు చెప్తున్నరు, రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీవో పెద్దలు చెప్తున్నరు, వీసీలు చెప్తున్నరు: రక్షణ రంగం, యూనివర్సిటీలు, పరిశ్రమలు కలిసి నడవాలె, పరిశోధన ల్యాబులనే ఉండిపోవద్దు అని. మంచిదే, కాదనేటోళ్లు ఎవ్వరూ లేరు.

నా డౌటు వేరే. దేశంల మొట్టమొదటి ఆర్‌ఈసీ, అంటే రీజనల్ ఇంజనీరింగ్ కాలేజీ, మనది. 1959 అక్టోబర్‌ల నెహ్రూ వచ్చి పునాదిరాయి వేసిండు, 2002ల ఎన్‌ఐటీ అయింది. 1976 నుంచి కాకతీయ యూనివర్సిటీ ఉన్నది. పొద్దున రైలెక్కితే పది గంటలకల్లా సికింద్రాబాద్‌ల దిగుతం. అక్కడ డీఆర్‌డీఎల్, డీఎంఆర్‌ఎల్, ఆర్‌సీఐ అనే రక్షణ ల్యాబులు, మిసైళ్లు చేసే బీడీఎల్, ప్రత్యేక లోహాలు చేసే మిధాని. మిసైళ్ల రాజధాని అంటరు హైదరాబాద్‌ను. మరి గింత దగ్గర ఉండి కూడా వరంగల్ పేరు ఆ లెక్కల ఎందుకు వినబడదు? పిల్లలు చదువుకొని ఎల్లిపోతరు, షెడ్లేమో గేట్లు, గ్రిల్స్, ట్రాక్టర్ ట్రాలీల కాడనే ఆగిపోయినయి. నాయకులు ఏం చేస్తే ఇది మారుతది? లోపలి సంగతులు తెలిసినోళ్లు చెప్పుండ్రి.

సందేహాలసంచి
నాయకులు చేసేది చేస్తనే ఉన్నరు కదన్నా. ఎంఓయూ అనే ఒప్పంద కాగితం మీద సంతకం, శాలువ, ఫొటో. మళ్ల రెండేండ్లకు అదే ఎంఓయూ రెన్యువల్, ఇంకో శాలువ. నేత కార్మికులకు మాత్రం గిరాకీ దొరుకుతాంది.

పాత_బాలాపూర్
నేను హన్మకొండ వాణ్ణే. ఉద్యోగమంతా హైదరాబాద్‌లో ఒక రక్షణ ప్రయోగశాలలో చేసి రిటైర్ అయ్యాను. శాలువల గురించి సంచి గారన్నది నిజమే కానీ, ఈ మూడింటినీ నిజంగా కలిపినవాళ్లు మన దేశంలో లేకపోలేదు. వాళ్లు ఎలా కలిపారో చూడండి.

1948లో రక్షణ శాఖకు మొదటి శాస్త్ర సలహాదారుగా వచ్చింది దౌలత్ సింగ్ కొఠారి. సైన్యం మనిషి కాదు, ఢిల్లీ యూనివర్సిటీలో ఫిజిక్స్ ప్రొఫెసర్. 1958లో డీఆర్‌డీవో ఏర్పడినప్పుడు ఆ కుర్చీలో ఉన్నది ఆయనే. 1961లో అక్కడ దిగి, యూనివర్సిటీలకు గ్రాంట్లిచ్చే యూజీసీకి చైర్మన్ అయ్యారు, 1973 దాకా ఉన్నారు. మనం కొఠారి కమిషన్ అని చదువుకునేది ఆయన పేరు మీదే. రక్షణ పరిశోధనను మొదలుపెట్టిన మనిషే పోయి దేశంలోని యూనివర్సిటీలను నడిపాడు. ఈ రోజుల్లో అలా జరుగుతుందని ఊహించగలమా?

మన దగ్గరే చూసినా, పల్లె రామారావు గారు ప్రొఫెసర్‌గా పనిచేసి, లోహాల మీద పరిశోధన చేసే డీఎంఆర్‌ఎల్‌కు డైరెక్టర్ అయ్యారు. బాలాపూర్‌లో ఏఆర్‌సీఐ నిలబడటం వెనుక ఆయన ఉన్నారు. పరిశోధన ఫలితాన్ని ఫ్యాక్టరీ దాకా చేర్చడమే ఆ సంస్థ పని. తరవాత హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి వీసీగా పోయారు. ఏ.ఎస్. రావు గారు అణుశక్తి శాఖ ఎలక్ట్రానిక్స్ పనిలోంచి వచ్చి 1967లో ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ కంపెనీ ఈసీఐఎల్‌ను నిలబెట్టారు. మనిషే అటూ ఇటూ నడిచినప్పుడు గోడలు అడ్డం రాలేదు.

మెటలర్జీ_చివరిబెంచీ
సార్, కలాం గారిని వదిలేశారేం?

పాత_బాలాపూర్
వదల్లేదు, ఆయనకు విడిగా రాద్దామని ఆగాను. 1983లో సమగ్ర క్షిపణి కార్యక్రమం మొదలైనప్పుడు ఆయన చేసిన తెలివైన పని, పెద్ద సమస్యను ముక్కలు చేసి ఆ ముక్కలను బయటికి ఇవ్వడం. నాగ్ మిసైల్ సిగ్నల్ ప్రాసెసింగ్ అల్గారిథంలు ఉస్మానియా యూనివర్సిటీలోని నావిగేషనల్ ఎలక్ట్రానిక్స్ యూనిట్‌లో తయారయ్యాయి. అగ్ని మిసైల్ వాతావరణంలోకి తిరిగి దిగే రీ-ఎంట్రీ డిజైన్‌లో ఐఐటీ మద్రాస్ కుర్రాళ్లు ఉన్నారు. వాళ్లలో ఎవరికీ మొత్తం మిసైల్ చూపించాల్సిన అవసరం రాలేదు. సమస్య ఒక్కటే ఇచ్చారు.

అటునుంచి ఇటు కూడా వచ్చింది. మిసైళ్ల కోసం చేసిన కాంపోజిట్ పదార్థంతో నిమ్స్ ఎముకల డాక్టర్లతో కలిసి పోలియో పిల్లల కాళ్లకు ఊతంగా కట్టే కాలిపర్లు చేశారు. మూడు కిలోల బరువు 300 గ్రాములకు దిగింది. 1998లో డాక్టర్ సోమరాజు గారితో కలిసి చేసిన గుండె స్టెంట్ సంగతి అందరికీ తెలిసిందే.

సందేహాలసంచి
సార్ మీరంటే గౌరవం. కానీ ఇవన్నీ హైదరాబాద్ కథలు, అవి కూడా ముప్పై నలభై ఏండ్ల కిందటివి. కలాం అందరికీ దొరకడు. ఇప్పుడున్న పద్ధతి ఏంది, దాంట్ల మన అసుంటి ఊరోనికి సందు ఉన్నదా లేదా, గది చెప్పుండ్రి.

మానేరు_గట్టు
నేను చెప్తా. మాది కరీంనగర్. ముగ్గురం కలిసి చిన్న స్టార్టప్ నడుపుతున్నం, డ్రోన్‌ల మోసుకుపోయే సెన్సర్ల పని.

పద్ధతి కాగితం మీద ఇప్పుడు బాగనే ఉంది, అబద్ధం చెప్పొద్దు. 2018ల ఐడెక్స్ అనే కేంద్రం స్కీమ్ పెట్టిన్రు. సైన్యం తన సమస్యలను రాసి బయటపెడుతది, మనం పరిష్కారం చూపి అప్లై చేసుకోవాలె. గెలిస్తే కోటిన్నర దాకా గ్రాంటు. ఐడెక్స్ ప్రైమ్‌ల 10 కోట్ల దాకా, 2024ల వచ్చిన అదితిల 25 కోట్ల దాకా. డీఆర్‌డీవో టెక్నాలజీ డెవలప్‌మెంట్ ఫండ్‌ల ఒక్కో ప్రాజెక్టుకు పరిమితి 50 కోట్లకు పెంచిన్రు. రక్షణ పరిశోధన బడ్జెట్‌ల 25 శాతం ప్రైవేటుకు, స్టార్టప్‌లకు, కాలేజీలకు అని 2022-23 బడ్జెట్‌ల ప్రకటించిన్రు. 2025 జులైల కేబినెట్, పరిశోధనకు పైసలిచ్చే లక్ష కోట్ల ఆర్‌డీఐ స్కీమ్‌కు ఊ కొట్టింది.

ఇగ అసలు సంగతి. ఐడెక్స్ డబ్బు మ్యాచింగ్ గ్రాంటు. అంటే కోటిన్నర వాళ్లు పెడితే కోటిన్నర మనం చూపెట్టాలె. కరీంనగర్‌ల ఏ బ్యాంకు మేనేజర్ దగ్గరికి పోయి "సార్, ఇంకా తయారు కాని వస్తువుకు, ఒక్కడే కస్టమర్ ఉన్న వస్తువుకు కోటిన్నర కావాలె" అంటవ్? మొదలు చాయ్ తాగిపిస్తడు, తర్వాత ఇంటి కాగితాలున్నయా అంటడు. ఆ కస్టమర్ కూడా ట్రయల్‌కు పిలిచినప్పుడు నో కాస్ట్ నో కమిట్‌మెంట్ అంటడు. సామాన్లు మనం మోసుకపోవాలె, ఖర్చు మనదే, కొంటడని గ్యారంటీ లేదు. ఆర్‌డీఐ కూడా టీఆర్‌ఎల్ (టెక్నాలజీ ఎంతదాకా తయారైందో చెప్పే మెట్టు) నాలుగు, ఆపైన ఉన్నోళ్లకే. మేం అప్లై చేసిన రౌండ్‌ల మాది సెలక్ట్ కాలేదు. వచ్చినోళ్లది మా కంటే మంచి పని, అది ఒప్పుకోవాలె. నా కోపం దాని మీద కాదు, నాలుగు దాకా ఎక్కించే మెట్టు మన జిల్లాలల్ల ఎవ్వరి దగ్గర లేకపాయె, దాని మీద.

కేయూ_ఫిజిక్స్
ఆ మెట్టు యూనివర్సిటీ అవ్వాలి అక్కా. ఎందుకు అవ్వట్లేదో లోపల కూర్చున్న నేను చెప్తాను.

నాది పలుచని పొరల మీద పీహెచ్‌డీ, గ్యాస్ సెన్సర్లు. శాంపిల్ ఇక్కడే చేసుకుంటా. మంచి మైక్రోస్కోప్ కింద చూడాలంటే హైదరాబాద్‌లో స్లాట్ బుక్ చేసుకుని, డబ్బాలో సిలికా జెల్ వేసి శాంపిల్స్ సర్దుకుని రైలెక్కాలి. స్లాట్ రోజున అక్కడ మిషన్ పాడైతే వాపస్. నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ వచ్చినవాళ్లకు నెలకు 37,000, అదీ నెలనెలా పడదు. నెట్ లేనివాళ్ల సంగతి అడగకండి. రాష్ట్ర యూనివర్సిటీల్లో పర్మినెంట్ పోస్టులు ఏళ్ల తరబడి ఖాళీ, ఉన్న సార్లే నాలుగు పేపర్లు చెప్పి, ఎగ్జామ్ డ్యూటీ చేసి, ఆ మిగిలిన టైంలో మమ్మల్ని గైడ్ చేయాలి.

ఇంకోటి. మాకు లెక్క పేపర్లతోనే. జర్నల్‌లో వస్తేనే థీసిస్, వస్తేనే సార్‌కు ప్రమోషన్. రక్షణ రంగం పని అంటే నోరు విప్పొద్దంటారు. రెండేళ్లు పని చేసి బయట చెప్పుకోలేకపోతే నా పీహెచ్‌డీ ఏం కావాలి? ఒక ఇండస్ట్రీ వాళ్లు మా డిపార్ట్‌మెంట్‌కు వచ్చారు ఒకసారి. ఫలితాలన్నీ మాకే, పేపర్ వద్దు, టైం ఆరు నెలలు అన్నారు. మా సార్ మర్యాదగా టిఫిన్ పెట్టించి పంపించేశారు.

లేత్‌మిషన్
ఇక్కడ అందరు సదువుకున్నోళ్లే మాట్లాడుతాన్రు, జెర మాది గూడ ఇనుండ్రి. ములుగు రోడ్డు దిక్కు మాకో షెడ్డు ఉన్నది. కంప్యూటర్‌తోని నడిచే సీఎన్‌సీ మిషన్లు రెండు, నాలుగు పాత లేత్‌లు. డిఫెన్స్ పని మేం చేత్తాన్నం. కాకపోతే మూడో చెయ్యి. పబ్లిక్ సెక్టార్ కంపెనీ హైదరాబాద్ కంపెనీకి ఇత్తది, వాడు ఇంకోనికి ఇత్తడు, వాడు మాకు ఇత్తడు. డ్రాయింగ్ వచ్చేసరికి కింద పేరు, వివరాలుండే టైటిల్ బ్లాకు కత్తిరించి ఉంటది. అది దేంట్లకు పోతదో మాకు ఎర్కలేదు, అడగం గూడ. పైసలు మాత్రం దసరాకు బిల్లు పెడితే ఉగాదికి వత్తయి.

ఇప్పుడు ఒక టైటానియం రింగు నడుత్తాంది. పలుచగ ఉంటది గోడ. లోపలి బోరు సైజు నా బోర్ గేజ్ పెట్టి ఎటు తిప్పి చూసినా ఒక్కటే రీడింగ్, మస్తు కరెక్టు. వాళ్ల దగ్గర సీఎంఎం (ఆకారాన్ని అన్ని దిక్కుల కొలిచే మిషన్) మీద పెడితే గుండ్రంగ లేదు అని రిజెక్ట్. సగం రింగులు వాపస్ వచ్చినయి. నా గేజ్ కొత్తది, క్యాలిబ్రేషన్ సర్టిఫికెట్ ఉన్నది. మిషన్ తప్పా, నా తప్పా, వాళ్ల సీఎంఎం తప్పా అర్థమైతలేదు. మెటీరియల్ పైసలు నా బిల్లులకెళ్లి కోత్తాన్రు.

మెటలర్జీ_చివరిబెంచీ
అన్నా, ఆ రింగును పట్టేది మూడు జాస్ (నొక్కి పట్టే దవడలు) ఉన్న చక్‌తోనేనా? బోర్ గేజ్ రెండు ముక్కుల్దా?

లేత్‌మిషన్
అవ్ తమ్మీ. మూడు జాస్, గట్టి జాస్. గేజ్ రెండు పాయింట్లదే, డయల్‌ది.

మెటలర్జీ_చివరిబెంచీ
అయితే నీ గేజ్ కరెక్టే, వాళ్ల సీఎంఎం కూడా కరెక్టే.

పలుచని రింగును మూడు దిక్కుల నొక్కి పట్టినప్పుడు అది కొంచెం మూడు మూలలుగా వంగుతది. ఆ వంగిన రింగులో నువ్వు బోరు గుండ్రంగా తీస్తవు. చక్ వదిలినంక రింగు తన ఆకారానికి వస్తది, అప్పుడు నువ్వు తీసిన గుండ్రం మూడు ఉబ్బులదైతది. టైటానియంతో ఈ బాధ ఇంకా ఎక్కువ, దాని ఎలాస్టిక్ మాడ్యులస్ ఉక్కులో దాదాపు సగమే, అంటే అంతే ఒత్తిడికి రెండింతలు వంగుతది.

ఇక తమాషా ఏంటంటే, మూడు ఉబ్బుల ఆకారం ఒక దిక్కు ఉబ్బితే సరిగ్గా ఎదురు దిక్కు లోపలికి పోతది. రెండు పాయింట్ల గేజ్ ఎటు తిప్పినా వెడల్పు ఒక్కటే చూపిస్తది. గుండ్రంగా లేకున్నా ఉన్నట్టే కనబడుతది. మూడు పాయింట్ల ఇన్‌సైడ్ మైక్రోమీటర్ ఎవరి దగ్గరన్నా అడిగి తీసుకో, బోరులో పెట్టి 60 డిగ్రీలు తిప్పి చూడు. రీడింగ్ మారితే ఇదే రోగం.

లేత్‌మిషన్
ఓర్ని.

లేత్‌మిషన్
మరి మందు?

మెటలర్జీ_చివరిబెంచీ
సాఫ్ట్ జాస్ (కోసుకోగలిగే మెత్తని దవడలు) వేసి, రింగు బయటి సైజుకే వాటిని బోర్ చేసుకో. రింగు చుట్టూ మొత్తం పట్టుకుంటది, మూడు చోట్ల నొక్కదు. లేదంటే పక్కనుంచి నొక్కకుండా ముఖం మీద క్లాంప్ చేసే ఫిక్చర్. రఫింగ్ అయినంక ఒకసారి విప్పి, ఊపిరి పీల్చుకోనిచ్చి, మెల్లగా పట్టుకొని ఫినిషింగ్ తియ్యి. స్పీడు కూడా తగ్గించు, టైటానియంలో వేడి చిప్‌తో పోదు, టూల్ ముక్కు కాడనే ఉండిపోతది. ఇవన్నీ చేసినా వంకర వస్తే అప్పుడు మెటీరియల్‌లో ఉన్న లోపలి ఒత్తిడి చూడాలి. అది ఎక్స్‌రేతో కొలవొచ్చు. ఒక రింగు తెస్తవా? మా గైడ్‌ను అడుగుతా. నిజం చెప్పాలంటే నాకు కూడా ఇసుంటి నిజమైన పార్టు కావాలి, మేం చేసేవి అన్నీ పుస్తకంలో ముక్కలే.

టెండర్_తాత
ఆగండ్రి ఆగండ్రి. రింగు తెస్తవా అని అంత అలవోకగా అడుగుతున్నవు బిడ్డా. అది డిఫెన్స్ పార్టు. ఆర్డర్ కాగితంల గోప్యత క్లాజు ఉంటది, చదువుకున్నడో లేదో. పార్టు గాని, డ్రాయింగ్ గాని మూడోవానికి చూపెడితే ఆర్డర్ పోవుడే గాదు, బ్లాక్‌లిస్ట్ అయితడు. నేను కొనుగోలు విభాగంల పనిచేసి రిటైర్ అయిన, ఇసుంటివి చూసిన.

సందేహాలసంచి
చూసిన్రా? సమస్య ఉన్నోడు ఇక్కడనే ఉన్నడు, జవాబు తెలిసినోడు పది కిలోమీటర్ల అవతల ఉన్నడు, నడుమ కాగితం. ఇదే కదా మొత్తం కథ.

పాత_బాలాపూర్
తాత గారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. కానీ దారి ఉంది, మేము లోపల వాడిన దారే.

లేత్‌మిషన్ గారూ, ఆ రింగు బయటికి తియ్యొద్దు. డ్రాయింగ్ ఫొటో కూడా ఎవరికీ పంపొద్దు. బజార్లో దొరికే 6ఏఎల్-4వీ గ్రేడు టైటానియం తుంట ఒకటి కొనుక్కోండి. మీ సొంత కొలతలతో, వేరే వ్యాసం, వేరే మందంతో ఒక డమ్మీ రింగు చెయ్యండి. గోడ మందానికీ వ్యాసానికీ ఉన్న నిష్పత్తి మాత్రం పలుచగా ఉండేలా చూసుకోండి. వంకర దాంట్లోనూ వస్తుంది. ఆ రింగు మీది, ఎవరి రహస్యమూ కాదు. దాన్ని కాలేజీకి తీసుకుపోండి, కొలవనివ్వండి, పేపర్ రాసుకోనివ్వండి. నేర్చుకున్నది తెచ్చి మీ అసలు జాబ్ మీద వాడుకోండి.

కేయూ అమ్మాయి అడిగిన పేపర్ ప్రశ్నకు కూడా ఇదే జవాబు. రహస్యం ఉండేది ఆ వస్తువు ఎక్కడ, ఎంత, ఎందుకు వాడతారు అన్నదాంట్లో. టైటానియం ఎందుకు వంగుతుంది అన్నది ప్రకృతిది, దానికి సీక్రెట్ ముద్ర లేదు. సమస్యలోంచి రహస్యాన్ని వడగట్టి, గేటు బయటికి రాగలిగేట్టు మళ్లీ రాయాలి. కష్టమైన పని. సైన్స్ తెలియాలి, ఆ ఆయుధం తెలియాలి, ఏది చెప్పకూడదో తెలియాలి. కలాం గారి కాలంలో ఉస్మానియాకు పోయింది అలా రాసిన సమస్యే. ఐడెక్స్‌లో బయటపెడుతున్నవీ అవే, కాకపోతే అవి పూర్తి వస్తువు కావాలనే పెద్ద సమస్యలు. ఇలాంటి రింగు సమస్యలు, చిన్నవి, వందల కొద్దీ ప్రతి ఫ్యాక్టరీలో పడి ఉంటాయి. వాటిని రాసిపెట్టేవాళ్లే లేరు. నాయకుల పని ఏమిటని మొదట అడిగారు కదా, ఒక్కో ప్రయోగశాలలో, ఒక్కో ఫ్యాక్టరీలో ఈ పనికి ఒక సమర్థుణ్ణి కూర్చోబెట్టి, ఇది నీ ఉద్యోగంలో భాగమే, దీనికి నీకు మార్కులు పడతాయి అని చెప్పగలగాలి. ఇప్పుడు ఆ పని చేసేవాడికి ఏ మార్కులూ లేవు, పొరపాటున ఎక్కువ చెబితే మాత్రం మెమో వస్తుంది.

కొలిమి_సార్
ఈ చర్చ చూస్తుంటే మా దిక్కు ముచ్చట ఒకటి చెప్పాలనిపిస్తున్నది. నిజామాబాద్ జిల్లా కమ్మర్‌పల్లి దగ్గర కోనసముద్రం ఊరు. ఒకప్పుడు అక్కడ మూసల్లో ఉక్కు తీసేవారు, డమాస్కస్ కత్తులని లోకం పొగిడిన కత్తులకు ఇసుంటి ఉక్కే పోయేది. 19వ శతాబ్దం మొదట్లో వాయిసీ అనే ఇంగ్లీషాయన వచ్చి చూసి రాసిండు. ఆయన రాతల నాకు బాగా నచ్చింది ఏందంటే, ఇస్ఫహాన్ నుంచి వచ్చిన పర్షియా వ్యాపారి అక్కడనే ఉండి, పాళ్లు తూచుకుంటా, కొలిమి పని దగ్గరుండి చూసుకునేటోడు. అంత దూరం నుంచి వచ్చిన కొనుగోలుదారు కొలిమి పక్కన కూసున్నడు. మన కొనుగోలుదారు హైదరాబాద్ నుంచి ములుగు రోడ్డుకు రాలేకపోతున్నడు.

సందేహాలసంచి
సార్ మొదలు పెట్టినప్పుడు, "ఇగ మనమే అన్నీ కనిపెట్టినం" పద్యం వస్తది అనుకున్న. మంచి మాట చెప్పిన్రు.

ఓరుగల్లు_గర్జన
అసలు సంగతి ఎవ్వరూ మాట్లాడరేం? 2018ల కేంద్రం రెండు డిఫెన్స్ కారిడార్లు (రక్షణ పరిశ్రమల ప్రాంతాలు) ఇచ్చింది, ఒకటి యూపీకి, ఒకటి తమిళనాడుకు. హైదరాబాద్ చుట్టూ ఇన్ని ల్యాబులుండంగ తెలంగాణకు గుండుసున్న. దీనికి కారణం

అడ్మిన్
పై పోస్టులో మిగతా భాగం, దాని కింద వచ్చిన జవాబులు తీసేశాను. కారిడార్ రాలేదన్నది వాస్తవం, దాని మీద చర్చించుకోండి. పార్టీల పేర్లు, కులాల పేర్లు వస్తే తాళం వేస్తా.

మానేరు_గట్టు
కారిడార్ వస్తే ఏమొచ్చేదంటే, ముఖ్యంగా టెస్టింగ్. 2020ల 400 కోట్లతో డిఫెన్స్ టెస్టింగ్ స్కీమ్ పెట్టిన్రు, ఖర్చుల 75 శాతం దాకా గ్రాంటు. అవి ఎక్కువ ఆ రెండు కారిడార్ల దిక్కే పోయినయి. నా సెన్సర్ వానల, దుమ్ముల, అదురుడుల పని చేస్తదని సర్టిఫికెట్ కావాలంటే ఊరు దాటాలె. వరంగల్, కరీంనగర్, రామగుండం మూడింటికి కలిపి ఒక్క టెస్టింగ్ సెంటర్ ఉంటే సగం కష్టం తీరుతది. అది కట్టియ్యిమని అడిగే నాయకుడు కావాలె. రిబ్బన్ కత్తిరిచ్చుడు అందరికీ వస్తది.

కోటగుమ్మం
టెండర్ తాతా, మీరు ఆ దిక్కు కూసున్నోళ్లు. కొత్తోనికి ఆర్డర్ ఇయ్యడానికి ఎందుకు భయం?

టెండర్_తాత
చెప్తా, తిట్టుకోవద్దు. పాత సప్లయర్ పార్టు ఫెయిలైతే ఎంక్వయిరీ వాని మీద పడుతది. కొత్త సప్లయర్ పార్టు ఫెయిలైతే ఎంక్వయిరీ నా మీద పడుతది, వీన్ని ఎందుకు తెచ్చినవ్ అని. జీతగాడు ఏం చేస్తడు? రూల్స్ మంచిగనే ఉన్నయి. చిన్న యూనిట్లకు ఈఎండీ, అంటే టెండర్ డిపాజిట్, మినహాయింపు ఉన్నది. స్టార్టప్‌లకు పాత అనుభవం, టర్నోవర్ సడలింపు ఉన్నది. రూల్ ఉంటది, దాన్ని వాడే ధైర్యం ఉండదు. ఆడిట్ పేరా, అంటే ఆడిట్ అభ్యంతరం, వస్తే పెన్షన్ ఆగుతది.

ఇంకోటి, మిసైల్ పార్టుకు మొదటి ముక్క తనిఖీ, క్వాలిటీ ఏజెన్సీ సంతకం, మెటీరియల్ టెస్ట్ రిపోర్టు, అన్నీ అయ్యేసరికి పది రింగుల ఆర్డర్‌కు ఖర్చు ఆర్డర్ విలువను దాటిపోతది. పది రింగులకు ఎవడు తిప్పలు పడతడు? మూడేండ్లకు ఇంత తీసుకుంటం అని ముందే చెప్పగలిగితే షెడ్డాయన మిషన్ కొంటడు. ఏడాదికి ఓసారి టెండర్ పిలిస్తే కొనడు.

లేత్‌మిషన్‌కు ఒక మాట. చిన్న పరిశ్రమలకిచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉన్నదా? ఉంటే 45 రోజులల్ల బిల్లు కట్టాలనే రూలు నీకు వర్తిస్తది. 2024-25 అసెస్‌మెంట్ సంవత్సరం నుంచి ఆదాయపన్ను చట్టంల కూడా పట్టు పెట్టిన్రు, సూక్ష్మ, చిన్న యూనిట్లకు టైంల కట్టని బిల్లును కట్టేదాకా ఖర్చు కింద చూపెట్టుకోలేరు. మార్చిల ఫోన్ చెయ్యి, ఎత్తుతరు.

లేత్‌మిషన్
ఉన్నది తాతా. కాని ఫోన్ చేసి రూలు మాట్లాడితే మల్ల ఆర్డర్ రాదు. రూలు వానికి ఎర్కనే, నాకూ ఎర్కనే. వాని అవసరం కంటే నా అవసరం పెద్దది, గది గూడ ఇద్దరికి ఎర్కనే.

కేయూ_ఫిజిక్స్
దీనికి ఎవరి దగ్గరా జవాబు లేదనుకుంటా.

వేరే విషయం. పాత_బాలాపూర్ సార్, 2022లో యూజీసీ ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్ అని తెచ్చింది కదా. పీహెచ్‌డీ, పేపర్లు లేకపోయినా బయట రంగంలో అనుభవం ఉన్నవాళ్లను యూనివర్సిటీ తీసుకోవచ్చు, మంజూరైన పోస్టుల్లో పది శాతం దాకా. హన్మకొండలోనే మీలాంటి రిటైర్డ్ వాళ్లు ఎందరున్నారో. ఇందాక మీరు చెప్పిన ఆ పని, సమస్యను గేటు బయటికి వచ్చేట్టు రాయడం, అది మీకంటే బాగా ఎవరికి వస్తుంది? లోపల ఉన్నవాళ్లకు మెమో భయం. మీకు అదీ లేదు.

పాత_బాలాపూర్
మెమో లేకపోయినా చట్టం ఉందమ్మా, రిటైరయినా గోప్యత పోదు. అందుకే డమ్మీ రింగు అన్నాను. వస్తాను, కానీ పోస్టులూ ఆఫీసు గదీ వద్దు. పాఠం చెప్పమంటే నిద్రపుచ్చుతాను. వర్క్‌షాప్‌లో స్టూలు వేయండి చాలు. ఆ రింగు పని జరిగే రోజు చెప్పండి.

సందేహాలసంచి
ఎంఓయూలు పెళ్లిచూపులసుంటివి, టిఫిన్ అయినంక ఎవరి దారి వారిదే. ఈ రింగు ఒక్కటి జరిగితే నేను నమ్ముత. టైటానియం తుంట ఖర్చు నాది. ఎంతైతది?

లేత్‌మిషన్
చిన్న తుంట నా దగ్గర ఉంటది అన్నా, అది నా సొంతం, ఆ ఆర్డర్‌ది గాదు. సాఫ్ట్ జాస్ గూడ ఉన్నయి, ఎన్నడో మూలకు పడేసిన. గట్టి జాస్‌తోని ఒక రింగు, సాఫ్ట్ జాస్‌తోని ఒక రింగు, రెండూ తీత్తా. రెండింటి ఫరక్ చూసుకుందురు.

మెటలర్జీ_చివరిబెంచీ
బ్రహ్మాండం. గైడ్ సరేనన్నారు. కాకపోతే బయటివాళ్లకు ఎక్స్‌రే కొలతకు యూజర్ ఛార్జీ ఉంది, శాంపిల్‌కు ఇంత అని. ఇది మా పరిశోధన శాంపిల్‌గా రాస్తే కట్టక్కర్లేదు, కానీ అప్పుడు ఫలితాలు మా థీసిస్‌లో వస్తాయి. నీకు ఓకేనా అన్నా?

లేత్‌మిషన్
రాసుకో తమ్మీ. రింగు నాదే కదా, నాకేం బాధ. షెడ్డు పేరు మాత్రం వెయ్యకు, మాకు ఆర్డర్ ఇచ్చేటోడు చూత్తే లేనిపోని డౌట్లు.

టెండర్_తాత
ఆ మాట కాగితం మీద రాసుకోండ్రి ఇద్దరూ, అర పేజీ చాలు. రింగు కొలతలు, ఎవలది మెటీరియల్, ఏ తారీకు. రేపు ఎవ్వడన్నా అడిగితే ఇది ఫలానా ఆర్డర్ పార్టు కాదు అని చూపెట్టాలె. తుంట కొన్న బిల్లు కూడా దానికి పిన్ను కొట్టుండ్రి.

అడ్మిన్
రింగు కొలతలు, మిషనింగ్ వివరాలు వర్క్‌షాప్ విభాగంలో కొత్త చర్చ తెరిచి అక్కడ పెట్టండి. ఇక్కడ టెస్టింగ్ సెంటర్ విషయం మాట్లాడుకోండి. మానేరు_గట్టు, వినతిపత్రం నమూనా ఉంటే పోస్ట్ చేయగలరా?

మానేరు_గట్టు
రాస్తున్న. ఏయే పరీక్షలు కావాలో మీ మీ అవసరాలు కింద పెట్టుండ్రి. నాది వైబ్రేషన్ టేబుల్, వాన పరీక్ష, దుమ్ము పరీక్ష.

లేత్‌మిషన్
నాది సీఎంఎం. ఒక్కటుంటే సాలు.